సింత్రా, కాబో ద రోకా ఒక్క రోజులో: ప్రైవేట్ కారు దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు

మీ ప్రశ్న చూశానండి. సెప్టెంబర్‌లో పోర్చుగల్ రాజధాని లిస్బన్ వస్తున్నారు, మీతో అమ్మగారు, నాన్నగారు, పదేళ్ళ బాబు, నాన్నగారికి మోకాళ్ళ నొప్పి. ఎనిమిది గంటల ప్రైవేట్ టూర్‌లో దగ్గర్లోని కొండ ఊరు సింత్రాలో పెనా ప్యాలెస్, మూరిష్ క్యాజిల్, రెగలైరా, సముద్రం ఒడ్డున కాబో ద రోకా, కష్కాయిష్ అయిదూ చూపిస్తామని ఒకళ్ళు కొటేషన్ ఇచ్చారు, తీసుకోవచ్చా లేక ట్రైన్‌లో వెళ్ళిపోవచ్చా అని అడిగారు. నేను లిస్బన్‌లోనే ఉంటాను, ఇంటికొచ్చిన ప్రతి చుట్టాన్నీ ఆ కొండెక్కించి సముద్రం దాకా తిప్పి తీసుకురావడం అలవాటైపోయింది, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు అసలు మాట చెప్పేస్తా. ప్యాలెస్‌ల దగ్గర ప్రైవేట్ కారు మీకు పెద్దగా టైమ్ మిగల్చదు. సముద్రం వైపు మాత్రం కారు ఉండటానికీ లేకపోవడానికీ చాలా తేడా ఉంది. టూర్ అమ్మేవాళ్ళు దీన్ని తిరగేసి చెప్తారు, ప్యాలెస్ ఫోటోలు పెద్దవి పెట్టి బీచ్‌కి చివర్లో ఓ అరగంట పడేస్తారు. మీరు డబ్బు పెట్టేది నిజానికి ఆ రెండో సగానికి, కాబట్టి రోజుని దాని చుట్టూ కట్టుకోండి.

ఎందుకలా అంటున్నానంటే, లిస్బన్ నడిబొడ్డున రోసియు స్టేషన్లో ఎక్కితే నలభై నిమిషాల్లో సింత్రాలో దిగుతారు, టికెట్ రెండు యూరోల పైచిలుకు, ట్రాఫిక్ గొడవ లేదు. కారులో అయినా పొద్దున పూట దాదాపు అంతే పడుతుంది. సింత్రా చేరాక కారుంది కదా అని నేరుగా పెనా గుమ్మం ముందు దిగుతామనుకుంటే కుదరదు, పాత ఊరి రోడ్లు సన్నం, పెనా కొండ మీదకి మామూలు కార్లని, అద్దె కార్లని వదలరు. లైసెన్స్ ఉన్న టూరిస్ట్ వాన్ అయితే ఎక్కడిదాకా వెళ్తుందో, మిమ్మల్ని ఎక్కడ దింపుతుందో, మళ్ళీ ఎక్కడ ఎక్కించుకుంటుందో కొటేషన్ ఇచ్చినవాళ్ళని రాతపూర్వకంగా అడగండి. స్టేషన్ దగ్గర దింపేసి ఇక్కడి నుంచి టుక్‌టుక్ మీ ఖర్చు అనేవాళ్ళూ ఉన్నారు, స్టేషన్ నుంచి క్యాజిల్ మీదుగా పెనాకి 434 బస్సు ఎలాగూ తిరుగుతూనే ఉంటుంది, అలాంటప్పుడు ప్రైవేట్ అనే మాటకి అర్థమేముంది చెప్పండి.

ఇంక పెనా గురించి. దీనికి టికెట్ మీద టైమ్ ఉంటుంది, ఆ టైమ్ పార్క్ గేటుకి కాదు, పైన ప్యాలెస్ లోపలికి వెళ్ళే ద్వారానికి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. గేటు నుంచి ప్యాలెస్ దాకా ఎక్కడానికి అరగంట పెట్టుకోమని వాళ్ళే చెప్తారు, నాన్నగారికైతే ఆ ఎక్కుడు వద్దు, గేటు దగ్గర చిన్న షటిల్ బస్సు ఉంటుంది, దానికి కొన్ని యూరోలు వేరే టికెట్, అది తీసుకోండి. తిరుమల టైమ్ స్లాట్ దర్శనంలా కాస్త లేటైనా బతిమాలుకుంటే పంపిస్తారులే అనుకోవద్దు, స్లాట్ దాటితే ఇక్కడ లోపలికి రానివ్వరు. పార్క్ తొమ్మిదింటికి తెరుస్తారు, ప్యాలెస్ తొమ్మిదిన్నరకి. ఆ తొమ్మిదిన్నర స్లాటే తీసుకోండి, అది దొరక్కపోతే దాని తర్వాతది. పదకొండు దాటాక లోపల గదుల్లో ఒకళ్ళ వెనక ఒకళ్ళు లైన్లో జరుగుతూ పోవడమే, ఆగి చూసే వీలుండదు. టికెట్ పెద్దవాళ్ళకి 20 యూరోల దగ్గర్లో ఉంది, 65 దాటినవాళ్ళకీ పిల్లలకీ కొంచెం తగ్గింపు, పార్క్ ఒక్కటే అయితే తక్కువ. పార్కెష్ ద సింత్రా అనే సంస్థ నడుపుతుంది, వాళ్ళ సొంత సైట్లోనే కొనుక్కోండి, మధ్యవాళ్ళ దగ్గర కాదు. టూర్ వాళ్ళు టికెట్లు మేమే చూసుకుంటాం అంటే ఏ టైమ్‌కి బుక్ చేశారో ముందే అడిగి తెలుసుకోండి, పన్నెండున్నర స్లాట్ అని చెప్తే మీ రోజు సగం అక్కడే అయిపోయినట్టు.

లోపల చూడాల్సినంత ఉందా అంటే, ఉంది, కాకపోతే దాని కథ తెలిస్తేనే రుచి. అక్కడ ముందు జెరోనిమైట్ సన్యాసుల మఠం ఉండేది, మాన్యుయెల్ రాజు పదహారో శతాబ్దం మొదట్లో కట్టించింది. 1755 భూకంపంలో బాగా దెబ్బతింది, 1834లో పోర్చుగల్‌లో మఠాలన్నీ రద్దు చేశాక పూర్తిగా పాడుబడింది. రెండో మరియా రాణిని పెళ్ళి చేసుకుని జర్మనీ నుంచి వచ్చిన ఫెర్డినాండ్ 1838లో ఆ శిథిలాన్ని తన సొంత డబ్బుతో కొని, ఎష్వేగె అనే గనుల ఇంజినీర్‌తో దాని పక్కన ఈ రంగుల కోట కట్టించుకున్నాడు. బయట ఎర్ర రంగు ఉన్న భాగం పాత మఠం, పసుపు రంగుది కొత్తగా కట్టింది, ఇది ఒక్కటి తెలిస్తే బయట నుంచుని చూస్తుంటేనే ఏది ఏదో అర్థమైపోతుంది. బాబుకి చెప్పండి, ఆటలా వెతుకుతాడు. ప్రధాన గుమ్మం మీద సగం మనిషి సగం చేప ఆకారంలో ట్రైటన్ కళ్ళురిమి చూస్తుంటాడు, పిల్లలకి అది బాగా నచ్చుతుంది. చాపెల్‌లో పాలరాయి లాంటి అలబాస్టర్‌తో చెక్కిన బలిపీఠం మఠం కాలం నాటిది, శాంటెరెన్ అనే శిల్పి పని, జనం రంగుల గోడల ఫోటోల హడావుడిలో దాన్ని చూడకుండానే పోతారు.

రాణి చనిపోయాక ఫెర్డినాండ్ ఒక ఒపెరా గాయనిని, ఎలీజె హెన్స్‌లర్‌ని, 1869లో రెండో పెళ్ళి చేసుకున్నాడు, ఆవిడ కోసం పార్క్ అవతలి చివర షాలే అని కొండ ఊళ్ళ పద్ధతిలో ఒక ఇల్లు కట్టించాడు, పోతూ పోతూ పెనా మొత్తం ఆవిడ పేరునే రాసేశాడు. ఊళ్ళో పెద్ద రచ్చయింది, చివరికి ప్రభుత్వం ఆవిడ దగ్గర కొనుక్కోవాల్సి వచ్చింది. 1910లో రాచరికాన్ని కూలదోసిన విప్లవం వచ్చినప్పుడు అమేలియా రాణి ఇక్కడే ఉంది, ఇక్కడి నుంచి బయల్దేరి దేశం వదిలి వెళ్ళిపోయింది. ఆవిడ గదులు ఉన్నవి ఉన్నట్టు ఉంచారు. షాలే దాకా నడవమని మాత్రం మీకు చెప్పను, దూరం, ఎగుడుదిగుడు.

మూరిష్ క్యాజిల్ వదిలేయండి. ఇది చెడ్డదని కాదు, ఎనిమిదో, తొమ్మిదో శతాబ్దంలో మూర్లు అనే ముస్లిం పాలకులు కట్టిన గోడలు, 1147లో లిస్బన్ వాళ్ళ చేతుల్లోంచి పోయాక ఇదీ అఫొన్సు హెన్రిక్స్ రాజు చేతికొచ్చింది, పై నుంచి సముద్రం దాకా కనిపిస్తుంది. కానీ అంతా మెట్లే, గోడ మీద నడక, కొన్నిచోట్ల పట్టుకోడానికి ఏమీ ఉండదు. నాన్నగారితో అసలొద్దు. పెనా టెర్రస్ మీద నుంచి చూస్తే ఆ క్యాజిల్ గోడ కొండ మీద పాకుతున్నట్టు మొత్తం కనిపిస్తుంది, అది చాలు.

రెగలైరా గురించి నాది కాస్త తేడా అభిప్రాయం, దాని అభిమానులు తిట్టుకోవచ్చు. బ్రెజిల్ వ్యాపారంతో కోట్లు వెనకేసుకున్న కార్వాల్యు మొంటైరు అనే ఆయన, లుయీజి మనీని అనే ఇటలీ ఆర్కిటెక్ట్‌తో 1904 నుంచి 1910 మధ్యలో కట్టించుకున్న తోట, ఇల్లు. అందరూ వెళ్ళేది ఆ తిరగేసిన గోపురం లాంటి బావి కోసం, 27 మీటర్ల లోతు, చుట్టూ తిరుగుతూ మెట్లు, అడుగున సొరంగాలు. నీళ్ళ కోసం తవ్వింది కాదు. కుర్రవాళ్ళకి, బాబుకి బాగుంటుంది, కాదనను. కానీ మెట్లు తడి, ఒకే దారిలో దిగాలి, మధ్యలో వద్దనుకుంటే వెనక్కి తిరగడం కష్టం, వెనక జనం వస్తూనే ఉంటారు, సొరంగంలో నేల జారుతుంది. మోకాళ్ళు నొప్పి ఉన్నవాళ్ళు పైన బెంచీ మీద కూర్చోవాల్సిందే. పైగా దీని టికెట్ పెనాతో సంబంధం లేనిది, వేరే సైట్లో వేరేగా కొనాలి, దీనికీ క్యూ ఉంటుంది.

దాని బదులు నేనైతే ఊళ్ళో నడిమధ్యన ఉన్న నేషనల్ ప్యాలెస్‌కి తీసుకెళ్తాను. రెండు తెల్లటి పెద్ద శంకువుల్లాంటి పొగగొట్టాలు కనిపిస్తాయే, అదే, 33 మీటర్ల ఎత్తు, వంటింటివి. పెనా కన్నా ఇది ఎన్నో వందల ఏళ్ళు పాతది, కొండెక్కక్కర్లేదు, జనం తక్కువ, చల్లగా ఉంటుంది, లోపల మెట్లు కొన్ని ఉన్నా పెనా అంత శ్రమ లేదు. ఒక గది కప్పు నిండా మ్యాగ్‌పై పిట్టలు, 136. జువావ్ రాజు రాణిగారి చెలికత్తెకి ముద్దు పెడుతూ దొరికిపోయాడట, కోట నిండా గుసగుసలు మొదలయ్యేసరికి ఎన్ని నోళ్ళున్నాయో అన్ని పిట్టల్ని కప్పు మీద వేయించాడని కథ. ఇంకో గదిలో ఆరో అఫొన్సు రాజుని సొంత తమ్ముడే బంధించి ఉంచాడు, తమ్ముడు రాజ్యమూ తీసుకున్నాడు, వదినని పెళ్ళీ చేసుకున్నాడు, పాపం ఆయన 1683లో ఆ గదిలోనే పోయాడు. నేల పలకలు అరిగిపోయింది ఆయన అటూ ఇటూ తిరిగినందుకే అంటారు. వంశ చిహ్నాల గది కప్పు మీద 72 కులీన కుటుంబాల గుర్తులు, కింద గోడలన్నీ నీలం టైల్స్, అమ్మగారికి ఇది పెనా కన్నా ఎక్కువ నచ్చినా ఆశ్చర్యం లేదు.

మొన్సెరాత్ కూడా ఒకటుంది, ఊరి నుంచి మూడు నాలుగు కిలోమీటర్లు పడమరకి, సముద్రానికి వెళ్ళే దారిలోనే. ఫ్రాన్సిస్ కుక్ అనే ఇంగ్లండ్ బట్టల వ్యాపారిది, తోట అద్భుతం, జనం చాలా తక్కువ. ఆ తోటలో ఇండియన్ ఆర్చ్ అని ఒక రాతి తోరణం ఉంటుంది, 1857 తిరుగుబాటు తర్వాత గవర్నర్ జనరల్ క్యానింగ్ దగ్గర కుక్ కొన్నాడని చెప్తారు. మన దేశం నుంచి వచ్చిన రాయి అక్కడెక్కడో అట్లాంటిక్ పొగమంచులో నాచు పట్టి నిలబడి ఉండటం చూస్తే ఏదోలా ఉంటుంది. టైమ్ మిగిలితేనే, లేకపోతే బాధపడక్కర్లేదు.

మధ్యాహ్నం పన్నెండున్నర, ఒంటిగంటకి సింత్రా వదిలేయాలి. ఇది నేను పట్టుబట్టి చెప్పే ఒకే ఒక్క విషయం. డ్రైవర్ ఊళ్ళో ఏదో రెస్టారెంట్ పేరు చెప్పి రెండు గంటలు కూర్చోబెడతాడు, వద్దని చెప్పండి. ట్రవెసైరు అని బాదం, గుడ్డు సొన పెట్టిన పొరల పేస్ట్రీ, కెయిజాద అని జున్నుతో చేసే చిన్న తీపి, ఈ రెండూ ఆ ఊరి ప్రత్యేకం, కాగితంలో కట్టించుకుని కార్లో పడెయ్యండి. రెండిట్లోనూ గుడ్డు ఉంటుంది, అమ్మగారు తినకపోతే ముందే తెలియాలి కదా. శాకాహారులైతే సూప్ అడిగేటప్పుడు కూడా జాగ్రత్త, కాల్దు వెర్ద్ అనే ఆకుపచ్చ సూప్ చూడ్డానికి ఆకుకూరే కానీ అందులో సాసేజ్ ముక్క వేస్తారు. ఆ రోజుకి పులిహోర డబ్బా వెంట పెట్టుకుంటే తప్పేం లేదు.

సముద్రం వైపు దారి కొలారెష్ మీదుగా పోతుంది, ఇక్కడ ఇసుకలో ద్రాక్ష పండిస్తారు, పందొమ్మిదో శతాబ్దంలో ఫిలాక్సెరా పురుగు యూరప్ ద్రాక్షతోటల్ని తినేసినప్పుడు ఇసుకలో బతకలేక ఈ తోటల జోలికి రాలేదు. ఇక్కడి నుంచి కారుకి పెట్టిన డబ్బు నిజంగా గిట్టుబాటవుతుంది, బస్సుంది గానీ మీకు నచ్చిన చోట ఆగదు. మొదట అజెన్యాష్ దు మార్ దగ్గర ఆపమనండి, కొండ అంచు మీద నుంచి తెల్లటి ఇళ్ళు ఒకదాని మీద ఒకటి సముద్రంలోకి జారిపోతున్నట్టు ఉంటాయి, కింద అలలు నింపే ఈత కొలను. వ్యూపాయింట్ రోడ్డు పక్కనే, నాన్నగారు పది అడుగులు వేస్తే చాలు. కొటేషన్లో ఇది లేదు చూశారా, అయిదు పేర్లలో పేరున్నవే రాశారు. దాని తర్వాత అడ్రాగ బీచ్, కారు దాదాపు ఇసుక దాకా వెళ్తుంది, చేపల రెస్టారెంట్ ఉంది, భోజనం అక్కడ చెయ్యండి. ఊర్స బీచ్ ఫోటోలు చూసి అక్కడికి దిగుదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, దారి నిట్టనిలువు, జారుడు గులకరాళ్ళు.

కాబో ద రోకా అంటే యూరప్ ప్రధాన భూభాగానికి పడమటి చివర, నీటికి 140 మీటర్ల పైన, పద్దెనిమిదో శతాబ్దం నాటి లైట్‌హౌస్, రాతి స్తంభం, దాని మీద భూమి అయిపోయి సముద్రం మొదలయ్యే చోటు అని కవి కమోయిష్ మాట చెక్కి ఉంటుంది. నిజం చెప్పాలంటే ఆ స్తంభం దగ్గర ఫోటోకి పది నిమిషాలు, అందరూ అది చేసి వచ్చేస్తారు. లైట్‌హౌస్ వైపు కాకుండా స్తంభానికి ఉత్తరంగా కాలిబాట మీద కొంచెం నడిస్తే ఊర్స రాళ్ళు కనిపిస్తాయి, ఆ దృశ్యం ముందు స్తంభం దేనికీ పనికిరాదు. కర్ర కంచె దాటకండి, బాబు చెయ్యి వదలకండి, 2014లో ఒక జంట ఫోటో కోసం అంచుకి వెళ్ళి పిల్లల కళ్ళ ముందే పడిపోయారు. గాలి మాత్రం మామూలుది కాదు, వేసవి మధ్యాహ్నాల్లో ఉత్తరం నుంచి నొర్తాద అనే గాలి కొడుతుంది, లిస్బన్‌లో ముప్ఫై డిగ్రీలున్నా అక్కడ జాకెట్ లేకుండా నుంచోలేరు. చీర కట్టుకుని వెళ్తానన్న మా పిన్నికి ఎంత చెప్పినా వినలేదు, స్తంభం దగ్గర ఆవిడ ఫోటో ఒక్కటీ సరిగ్గా రాలేదు.

అక్కడి నుంచి కిందకి దిగితే గిన్షు బీచ్, అదే గాలి మీద విండ్‌సర్ఫింగ్ చేస్తారు, దిగితే ఇసుక మొహాన కొడుతుంది, కార్లోంచే చూడండి. కష్కాయిష్ పొలిమేరలో బోకా దు ఇన్ఫెర్ను, అంటే అలలు తొలిచేసి పైకప్పు కూలిపోయిన గుహ, అల పెద్దదైతే ఉరిమినట్టు వినిపిస్తుంది, ప్రశాంతంగా ఉన్న రోజు ఏమీ ఉండదు. 1930లో అలిస్టర్ క్రౌలీ అనే ఇంగ్లిష్ మాంత్రికుడు ఇక్కడ దూకి చచ్చిపోయినట్టు నాటకం ఆడాడు, అందుకు సాయం చేసింది ఎవరో కాదు, కవి ఫెర్నాండో పెస్సోవా. కష్కాయిష్ జాలర్ల ఊరు, 1870 నుంచి లుయీష్ రాజు వేసవికి రావడం మొదలెట్టాక డబ్బున్నవాళ్ళ ఊరైపోయింది. కాఫీ తాగి, ఐస్‌క్రీమ్ తిని, వెనక్కి హైవే కాకుండా నీటి పక్కనే పోయే మార్జినల్ రోడ్డు మీద లిస్బన్ తీసుకెళ్ళమని డ్రైవర్‌కి చెప్పండి, ఆఫీసులు వదిలే టైమ్‌లో మాత్రం అది ఇరుక్కుంటుంది.

మీ కొటేషన్ ఎనిమిది గంటలు అన్నారు, పొద్దున ఎనిమిదిన్నరకి బయల్దేరితే నాలుగున్నరకి హోటల్లో ఉంటారు. సెప్టెంబర్ మధ్యలో సూర్యాస్తమయం ఏడున్నర దాటాక. పది గంటలకి ఎంత అవుతుందో అడగండి, అదనపు గంటకి రేటు ముందే రాయించుకోండి, రేటు మనిషికా కారుకా అన్నది కూడా, ప్రైవేట్ అంటే కారుకే ఉండాలి. వచ్చేది డ్రైవరా గైడా, ప్యాలెస్ లోపలికి వస్తాడా, ఇదీ అడగండి, చాలామంది బయటే ఉంటారు, నేను పైన చెప్పిన కథలు లోపల చెప్పేవాళ్ళు ఉండరు. కంపెనీకి తురిష్ము ద పుర్తుగాల్ అనే ప్రభుత్వ పర్యాటక సంస్థ దగ్గర, టూర్ కంపెనీలకిచ్చే ఆర్‌ఎన్‌ఏఏటీ రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి, అడిగితే ఇవ్వనివాళ్ళని వదిలెయ్యండి.

ఖర్చు ఎక్కువనిపిస్తే ఇంకో దారుంది. పొద్దున రోసియు ట్రైన్‌లో మీరే వెళ్ళి, స్టేషన్ నుంచి టాక్సీలో పెనా గేటు, తర్వాత నేషనల్ ప్యాలెస్ చూసేసుకుని, మధ్యాహ్నం ఒంటిగంటకి సింత్రాలో ఎక్కించుకుని కష్కాయిష్‌లో దింపేలా సగం రోజు కారు మాట్లాడుకోండి, అక్కడి నుంచి లిస్బన్‌కి మళ్ళీ ట్రైన్, కైష్ దు సొద్రే స్టేషన్‌కి నలభై నిమిషాలు. ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు అడిగితే నేను ఇదే చెప్తాను. మీతో పెద్దవాళ్ళున్నారు కాబట్టి రోజంతా కారే తీసుకోండి, మధ్యలో ఎప్పుడైనా కూర్చోడానికి ఒక సీటు ఉంటుంది. కాబో ద రోకాకి మాత్రం యాప్ క్యాబ్‌లో ఒకవైపు వెళ్ళి, తిరుగు ప్రయాణం అక్కడ చూసుకుందాంలే అనుకోవద్దు, సాయంత్రం అక్కడ క్యాబ్ దొరకడం కష్టం.

ఇంకా రెండు విషయాలు. సముద్రపు తేమ గాలి సింత్రా కొండకి తగిలి పైకి లేచి మబ్బవుతుంది, పెనా 500 మీటర్లకి కాస్త అటూ ఇటూ ఎత్తులో ఉంది, లిస్బన్‌లో ఎండ కాస్తున్నా పైన పొగమంచులో చెయ్యి చాపితే కనపడదు. అలాంటి పొద్దున పెనా గదులు చూసి రండి, టెర్రస్ మీద ఆశ పెట్టుకోకండి, మధ్యాహ్నానికి తరచూ విడిపోతుంది. రెండోది, వేసవిలో, సెప్టెంబర్‌లో కూడా, అడవి మంటల ప్రమాదం ఎక్కువగా ఉన్న రోజు కొండ మీది పార్కులన్నీ మూసేస్తారు, పెనా, క్యాజిల్, మొన్సెరాత్ అన్నీ పోతాయి. ఇది ముందురోజు గానీ తెలియదు. ఊళ్ళో నేషనల్ ప్యాలెస్, లిస్బన్ దారిలో కెలూష్ ప్యాలెస్ తెరిచే ఉంటాయి, అలాంటి రోజు ఏం చేస్తారో, డబ్బు వెనక్కి ఇస్తారా అని టూర్ వాళ్ళని ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

ఇక మీరు అనుకున్నది సోమవారం అన్నారు కదా. సోమవారం లిస్బన్‌లో జెరోనిముష్ మఠం లాంటివి సెలవు, ఆ జనమంతా సింత్రాకే వస్తారు. మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి చూసుకుని, ముందు పెనా తొమ్మిదిన్నర స్లాట్ ఏ రోజు ఉందో చూడండి, టికెట్ కొన్నాకే కారు వాళ్ళకి తేదీ చెప్పండి.